తిరుపతి అని రాసున్న మెయిల్‌లో ‘తిరుపతి’ ఎందుకు దొరకదు

పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ మాన్యువల్లో హెడర్ చెక్స్ అనే పేజీ ఉంది. దాని అడుగున, ‘బగ్స్’ అన్న శీర్షిక కింద, ఎవరూ దిగి చదవని చోట ఒక ముక్క రాసిపెట్టారు. బాడీ (మెయిల్ లోపలి పాఠం) ఎన్‌కోడ్ అయి, అంటే పంపడానికి వీలుగా వేరే అక్షరాల్లోకి మారి వస్తే, రూలు కూడా ఆ ఎన్‌కోడ్ అయిన రూపానికే రాసుకోవాలట, సబ్జెక్టు లాంటి హెడర్లకూ అంతేనట. ఇంగ్లీషు మెయిళ్ళు చూసేవాళ్ళకు అదొక చిన్న హెచ్చరిక. తెలుగులో మెయిళ్ళు వచ్చే ఊళ్ళో కూర్చుని చదివితే మాత్రం అది చేతులెత్తేయడమే. తెలుగు మాటకు ‘ఆ ఎన్‌కోడ్ అయిన రూపం’ అంటూ ఒకటి ఉండదు మరి.

బస్టాండు ఎదుట ఏ లాడ్జీ ఆఫీసునైనా తీసుకోండి. గది కావాలనేవాళ్ళు, తేదీ మార్చమనేవాళ్ళు, డబ్బు వెనక్కి పంపమనేవాళ్ళు అందరూ ఒకే అడ్రసుకు రాస్తారు. వాటిని వేర్వేరు ఫోల్డర్లలోకి పంపడానికి నాలుగు రూళ్ళు పెడతారు. వారం తిరక్కుండానే అదే ఫిర్యాదు: ‘రూలు పెట్టినాం గదా అన్నా, ఎందుకు పట్టలా?’ రూలు పెట్టినవాడు మెయిల్ తెరిచి చూస్తాడు. సబ్జెక్టులో ‘తిరుపతి’ కళ్ళెదుటే ఉంది. రూల్లోనూ ‘తిరుపతి’ ఉంది. రెండూ కలవలేదు. అక్కడినుంచి ప్యాటర్న్ (రూలు వెతికే నమూనా) మీద పడి చుక్కలు, నక్షత్రాలు జోడించడం మొదలుపెడతాడు.

నా ఉద్దేశంలో తప్పు మొదలయ్యేది అక్కడే. ప్యాటర్న్‌ను ఎన్‌కోడింగ్‌కు తగ్గట్టు వంచకూడదు. మెయిల్‌నే గుమ్మంలో ఒకసారి పూర్తిగా విప్పి, యూనికోడ్‌లోకి తెచ్చి, కొంచెం ఉతికి, ఆ తరువాతే ప్యాటర్న్ ముందుకు పంపాలి. ‘ఇది తెలిసిందేగా’ అని చాలామంది అంటారు. విప్పడంలో ఎన్ని మెట్లున్నాయో, ఏ మెట్టు ఎగరేస్తే ఏ అక్షరం రాలిపోతుందో చూస్తే ఆ మాట అంత తొందరగా రాదు.

ఒక్క ఖాళీ చాలు

‘తిరుపతి’లో కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్ విడి సంఖ్య ఇచ్చిన గుర్తులు, ఏడు: త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు ఏదైనా మూడు బైట్లే, కాబట్టి మొత్తం 21 బైట్లు. మెయిల్ పంపేటప్పుడు బైట్లను మామూలు రోమన్ అక్షరాలు, అంకెలుగా రాసే బేస్64 పద్ధతి మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది. లెక్క చక్కగా కుదిరింది: ఒక తెలుగు కోడ్ పాయింటుకు నాలుగు అక్షరాల గుంపు ఒకటి. త బైట్లు హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) ఇ0, బి0, ఎ4. బేస్64లో అది 4, పెద్ద ఎల్, పెద్ద సి, చిన్న కె అవుతుంది. యూనికోడ్‌లో తెలుగు ఉన్న చోటు 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా కాబట్టి గుంపులన్నీ 4-ఎల్-సి తోనో 4-ఎల్-జి తోనో మొదలవుతాయి. ఒకసారి అలవాటుపడితే, విప్పని మెయిల్ సోర్సు చూస్తూనే ‘ఇది తెలుగు’ అని చెప్పేయొచ్చు.

ఇది చూసి ఆశ పుడుతుంది. ఆ 28 అక్షరాల వరుసనే రూల్లో పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. ‘తిరుపతి’కి ముందు ఒక్క ఖాళీ ఉందనుకోండి. ఖాళీ ఒకే బైటు. మూడేసి బైట్ల విభజన అంతా ఒక అడుగు పక్కకు జరుగుతుంది. ఇప్పుడు మొదటి గుంపులో ఖాళీతోబాటు త తాలూకు రెండు బైట్లే పడతాయి, మూడోది తరువాతి గుంపులోకి పోతుంది. బయటికొచ్చేది పెద్ద ఐ, పెద్ద ఓ, పెద్ద సి, చిన్న డబ్ల్యూ. పాత వరుసకూ దీనికీ పోలికే లేదు. రెండు ఖాళీలుంటే మూడో రూపం. మూడుంటే మళ్ళీ మొదటికి వస్తుంది. మామూలు వాక్యంలో ముందు ఎన్ని ఖాళీలు, కామాలు, అంకెలు పడ్డాయన్నదాన్ని బట్టి ఒకే మాటకు మూడు వేషాలు.

‘మూడూ రాసేస్తా’ అనే పట్టుదల గలవాళ్ళూ ఉంటారు. రాయండి. అప్పుడు లైను విరుపు ఎదురవుతుంది. బేస్64 లైను 76 అక్షరాలు దాటకూడదు, అంటే 57 బైట్లు. పోస్ట్‌ఫిక్స్ బాడీ రూలు ఒక్కోసారి ఒక్క లైనునే చూస్తుంది. మాట రెండు లైన్ల మధ్య విరిగితే మూడు వేషాలూ వృథా. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పోస్ట్‌ఫిక్స్ ప్యాటర్న్ పట్టికలు మామూలుగా పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా చూడవు. బేస్64లో ఆ తేడాయే ప్రాణం. చివరి చిన్న కె స్థానంలో పెద్ద కె పడితే అది త కాదు, ఊ. చిన్న క్యూ ప, పెద్ద క్యూ ఐ. తేడా చూడని రూలుకు త, ఊ ఒకటే. ప, ఐ ఒకటే. దొరకాల్సింది దొరక్కపోగా దొరకకూడనిది దొరుకుతుంది.

ఒక్కో బైటునూ సమాన గుర్తు, రెండు హెక్స్ అంకెలుగా రాసే కోటెడ్ ప్రింటబుల్ దీనికంటే నయమని కొందరి నమ్మకం, కంటికి బైట్లు కనిపిస్తాయి కదా అని. త అంటే =ఇ0=బి0=ఎ4. ఒక కోడ్ పాయింటుకు తొమ్మిది అక్షరాలు. లైను హద్దు ఇక్కడా 76. ‘శ్రీకాళహస్తి’లో కోడ్ పాయింట్లు పన్నెండు, అంటే 108 అక్షరాలు. ఆ మాట ఒక లైనులో పట్టడమన్నది ఎప్పటికీ జరగదు. ‘చిత్తూరు’ ఎనిమిది కోడ్ పాయింట్లు, 72 అక్షరాలు, లైను మొదట్లో పడితేనే ఇముడుతుంది. లైను చివర వచ్చే ఒంటరి సమాన గుర్తు ‘ఇక్కడ విరిగింది, కలుపుకో’ అని చెప్తుంది. లైను లైనుగా వెతికే రూలుకు ఆ సంగతి తెలియదు. ‘శ్రీకాళహస్తి’ పేరు మీద కోటెడ్ ప్రింటబుల్‌లో బాడీ రూలు రాసినవాళ్ళకు అది ఒక్కసారైనా పట్టి ఉండదని కాగితం మీద లెక్కేసి చెప్పొచ్చు.

సబ్జెక్టు ముక్కలు

హెడర్ల దారి వేరు. 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2047 (ఇంటర్నెట్ నియమాల పత్రం) ప్రకారం తెలుగు సబ్జెక్టును చార్‌సెట్ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) పేరు, పద్ధతి అక్షరం ముందుపెట్టి ఒక డబ్బీలో చుడతారు. ఒక డబ్బీ 75 అక్షరాలు మించకూడదు. యూటీఎఫ్-8 పేరు, ప్రశ్నార్థకాలు, సమాన గుర్తులు కలిసి 12 తినేస్తాయి. మిగిలేవి 63. బి పద్ధతిలో, అంటే బేస్64లో, వీటిలో 15 తెలుగు కోడ్ పాయింట్లు పడతాయి. కోటెడ్ ప్రింటబుల్ లాంటి క్యూ పద్ధతిలో ఒక్కోటి తొమ్మిది చొప్పున సరిగ్గా ఏడు. ‘తిరుపతి’ ఏడు! ఆ పేరొక్కటే పెట్టెడు. ‘తిరుపతిలో’ అని రాస్తే ‘లో’ పక్క డబ్బీలోకి పోతుంది.

పక్కపక్క డబ్బీల మధ్య ఉండే ఖాళీని విప్పేటప్పుడు తీసేయాలి. తీయని ప్రోగ్రాములు బోలెడు. ‘శ్రీకాళహస్తి దర్శనం’ అన్న సబ్జెక్టు 19 కోడ్ పాయింట్లు. మధ్యలోని ఖాళీ ఒకే బైటు కాబట్టి బి పద్ధతిలో 14 దగ్గర తెగుతుంది, అంటే ‘దర్శనం’లో ర తరువాత, పొల్లుకు ముందు. ఖాళీ అలాగే మిగిలితే ‘దర ్శనం’ అని చదువుకోవాలి. ‘దర్శనం’ అన్న రూలు దాన్ని వదిలేస్తుంది.

ఒక అక్షరం బైట్లను రెండు డబ్బీల మధ్య చీల్చకూడదని అదే ఆర్ఎఫ్‌సీ చెప్తుంది. అయినా చీల్చే మెయిలర్లున్నాయి, పొడవును బైట్లలో లెక్కేసి కోసేవి. ఇలాంటిది వస్తే ఒక్కో డబ్బీని విడిగా యూటీఎఫ్-8గా చదవబోతే కోత దగ్గర రెండు వైపులా నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం తేలుతుంది. అందుకని క్రమం ఇలా ఉండాలి: ఒకే చార్‌సెట్ ఉన్న పక్కపక్క డబ్బీల్ని ముందు బైట్లుగా విప్పాలి, బైట్లను అతకాలి, ఆ తరువాతే అక్షరాలుగా చదవాలి. క్యూ పద్ధతిలో అండర్‌స్కోర్ అంటే ఖాళీ అన్నది మరిచిపోవద్దు. కోటెడ్ ప్రింటబుల్ విప్పే ఫంక్షన్నే ఇక్కడా వాడేస్తే ఖాళీల చోట గీతలు మిగులుతాయి.

అటాచ్‌మెంటు పేర్లది మరో పద్ధతి, శాతం గుర్తులతో, ఆర్ఎఫ్‌సీ 2231. కొన్ని మెయిలర్లు దాన్ని పక్కనబెట్టి కొటేషన్లలో సబ్జెక్టు తరహా డబ్బీనే పెడతాయి. అది నిబంధనలకు విరుద్ధం. అయినా రెండూ విప్పుకోక తప్పదు.

మెయిళ్ళను ఫోల్డర్లలోకి పంపే రూళ్ళు రాసే సీవ్ అనే భాషలో సబ్జెక్టు పోలిక డీకోడ్ చేసిన రూపం మీదే జరగాలని 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5228 చెప్తోంది. సబ్జెక్టును బట్టి ఫోల్డర్లలోకి పంపడం ఒక్కటే పనైతే పోస్ట్‌ఫిక్స్ రూళ్ళు వదిలేసి సీవ్‌కు మారండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. పైతాన్‌లో రాసుకునేవాళ్ళు మెయిల్‌ను బైట్లుగానే చదివించి, పాలసీ దగ్గర కొత్త ‘డిఫాల్ట్’ను చేత్తో ఇవ్వాలి. ఇవ్వకపోతే పాత పద్ధతి నడిచి సబ్జెక్టు విప్పకుండానే చేతికొస్తుంది.

లేబుల్ మీద నమ్మకం ఎంతవరకు

బేస్64 లాంటి బదిలీ ఎన్‌కోడింగ్ విప్పాక బైట్లు మిగులుతాయి. ఇవి ఏ చార్‌సెట్ అన్నది హెడర్ చెప్పాలి. కొన్ని మెయిళ్ళు ఏమీ చెప్పవు. కొన్ని ఐఎస్ఓ-8859-1 అని రాసి లోపల యూటీఎఫ్-8 పంపుతాయి. ఏదో వెబ్‌సైటు ఫారం వెనకనున్న పాత స్క్రిప్టు ఎప్పుడో రాసిన లేబుల్‌నే నేటికీ అంటిస్తూంటుంది.

ఐఎస్ఓ-8859-1నే లాటిన్-1 అంటారు. దానితో పెద్ద ప్రమాదం, అది ఎప్పుడూ ఎర్రర్ ఇవ్వదు. ప్రతి బైటుకూ అందులో ఏదో ఒక అర్థం ఉంటుంది. అందుకే ప్రోగ్రాం ఆగకూడదని తొందరపడేవాళ్ళు దాన్ని చివరి ఆసరాగా పెట్టుకుంటారు. ఆగదు నిజమే. ‘అలిపిరి’ని చూడండి. అ బైట్లు ఇ0, బి0, 85. లాటిన్-1లో 85 అంటే ‘తరువాతి లైను’ అనే కంట్రోల్ గుర్తు. పైతాన్‌లో లాటిన్-1గా చదివి లైన్లుగా విడగొట్టారంటే ప్రతి అ దగ్గరా లైను తెగుతుంది. ముందు లైను చివర రెండు బైట్లు వేలాడతాయి, కొత్త లైను ‘లిపిరి’తో మొదలవుతుంది. ‘మఠం’ సంగతీ ఇదే. ఠ చివరి బైటు ఎ0, లాటిన్-1లో అది విరగని ఖాళీ. ఖాళీల దగ్గర మాటలు విడగొట్టే ఫంక్షను ఠను కోసి మూడో బైటును మింగేస్తుంది. ఆ తరువాత తెలివి తెచ్చుకుని యూటీఎఫ్-8గా చదివినా పోయిన బైటు తిరిగి రాదు.

విండోస్-1252 అయితే వేరే రకం దెబ్బ. అందులో 81, 8డి, 8ఎఫ్, 90, 9డి అనే అయిదు స్థానాలు ఖాళీ. కొమ్ము చివరి బైటు 81. పొల్లు చివరి బైటు 8డి. ఏ, ఐ, ఝ మిగతా మూడింట్లో పడతాయి. కొమ్ము, పొల్లు లేని తెలుగు వాక్యం రాయడానికి అవధానం చేయాలి. కాబట్టి తెలుగును పైతాన్‌లో కచ్చితమైన 1252గా చదివితే మొదటి వాక్యంలోనే ఎర్రర్. ఎర్రర్ వద్దని ‘రీప్లేస్’ పెడితే ‘తిరుపతి’లో కొమ్ము, ‘చిత్తూరు’లో పొల్లూ కొమ్మూ శాశ్వతంగా పోతాయి.

కుదిరే క్రమం ఒకటుంది. బైట్లలో 80కి పైనున్నవి ఒక్కటైనా ఉంటే, లేబుల్ ఏం చెప్పినా, ముందు కచ్చితమైన యూటీఎఫ్-8గా చదివి చూడండి. ఎర్రర్ లేకుండా నడిచిందంటే అది యూటీఎఫ్-8 అనే నమ్మొచ్చు. వేరే ఎన్‌కోడింగ్‌లో రాసిన పొడవైన వాక్యం యాదృచ్ఛికంగా యూటీఎఫ్-8 నియమాలకు సరిపోవడం చాలా అరుదు. నడవకపోతే లేబుల్ చెప్పినట్టు చదవండి. 80కి పైన బైట్లే లేకపోతే మాత్రం లేబుల్‌నే నమ్మాలి, ఎందుకంటే ఐఎస్ఓ-2022-జేపీ లాంటివి ఏడు బిట్లలోనే నడుస్తాయి, వాటిని యూటీఎఫ్-8గా చదివినా ఎర్రర్ రాదు, చెత్త వస్తుంది. ఏదీ పని చేయకపోతే చెడిన చోట గుర్తు పెట్టి చదివి, లాగ్‌లో ఒక లైను రాయండి. అలాంటి మెయిల్‌ను తిప్పి పంపేయడం మాత్రం వద్దు. ఎన్‌కోడింగ్ చెడిందంటే మెయిలర్ చెడిందని అర్థం, రాసినవాళ్ళు కాదు.

ఎవరో ముందే తప్పుగా చదివి మళ్ళీ యూటీఎఫ్-8లో పెట్టి పంపిన మెయిళ్ళూ ఉంటాయి. వాటిని కంటితోనే గుర్తుపట్టొచ్చు. తెలుగు అక్షరాల చోటంతా నెత్తిన వాలు గీత ఉన్న రోమన్ ఎ, దాని వెంట డిగ్రీ గుర్తు ° గానీ ± గానీ, ఆ వెంట ఇంకేదో ఒకటి, ఇలా మూడేసి చొప్పున బారులు తీరి ఉంటాయి. ఈ జంట వరసగా మూడు సార్లు కనిపిస్తే వెనక్కి లాటిన్-1 బైట్లు చేసి యూటీఎఫ్-8గా చదివి చూడాలి, కుదిరితే ఉంచుకోవాలి. ఒక్కసారే కనిపిస్తే ముట్టుకోవద్దు, ఎవరో నిజంగానే ఉష్ణోగ్రత గురించి రాస్తుండొచ్చు.

హెచ్‌టీఎంఎల్ మెయిల్ అయితే ఇంకో పొర. అక్కడ త 3108 అనే అంకెగా, ముందు ఆంపర్సాండ్, హాష్ తగిలించుకుని రావొచ్చు. లేదా ‘తిరు’కీ ‘పతి’కీ మధ్య బోల్డ్ ట్యాగు ఉండొచ్చు. ట్యాగులు తీసి, తరువాత అంకెలు విప్పాలి. ఈ క్రమం తిరగేస్తే, రాసినవాళ్ళు పాఠంలో చూపించాలనుకున్న కోణపు గుర్తులు కూడా ట్యాగులైపోయి మధ్యలోని మాటలు మాయమవుతాయి.

విప్పాక కూడా దొరకదు

ఇంతా చేసి శుభ్రమైన యూనికోడ్ తెచ్చారు. పైతాన్ సొంత ఆర్ఈ మాడ్యూలుతో ‘తిరుపతి’కి రెండు వైపులా బ్యాక్‌స్లాష్ బీ, అంటే మాట హద్దు, పెట్టి వెతికారు. ‘తిరుపతి వస్తున్నాం’లో దొరకదు. ‘తిరుపతిలో గది కావాలి’లో దొరుకుతుంది!

కారణం సులువే. ఆ మాడ్యూలు లెక్కలో ‘మాటలోని అక్షరం’ అంటే యూనికోడ్ అక్షరమో అంకెనో అయ్యుండాలి. గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు, సున్న ఇవన్నీ యూనికోడ్‌లో గుర్తుల వర్గం కింద ఉన్నాయి. కాబట్టి దాని దృష్టిలో అవి మాటలో భాగం కావు. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో ‘తిరుపతి’ని ముక్కలు చేయమంటే త, ర, పత అని మూడు ముక్కలిస్తుంది. మాట హద్దు అంటే ఒకవైపు అక్షరం, ఇంకోవైపు అక్షరం కానిది ఉండాలి. ‘తిరుపతి’ చివర గుడి, దాని తరువాత ఖాళీ. రెండూ ‘అక్షరాలు కానివే’, హద్దు లేదు. ‘తిరుపతిలో’లో గుడి తరువాత ల వచ్చింది, హద్దు ఏర్పడింది. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. చిత్తూరు, పుత్తూరు, చంద్రగిరి, కుప్పం, ఇలా చాలా ఊళ్ళ పేర్ల చివర ఏదో ఒక గుర్తే. ఇంగ్లీషు మాట చివర పనికొచ్చే హద్దు మనకు సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది.

పైతాన్‌లోనే విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రెజెక్స్ అనే మాడ్యూలు యూనికోడ్ నిర్వచనం పాటిస్తుంది, గుర్తుల్ని మాటలో కలుపుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో మాట హద్దుకు రోమన్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ తెలియవు, అక్కడ ఆశే పెట్టుకోవద్దు. చాలా చోట్ల నడిచే ఉపాయం ఏంటంటే, ముందు 0సి00 నుంచి 0సి7ఎఫ్ మధ్య అక్షరం ఉండకూడదని వెనక్కి చూసే షరతు పెట్టుకోవడం. ఎడమవైపు అలా కడితే ‘చినతిరుపతి’ పట్టుబడదు. ద్వారకా తిరుమలను ఆ పేరుతో పిలిచేవాళ్ళు చాలామందే.

కుడివైపు ఇదే షరతు పెట్టాలా? వద్దనే నేనంటాను. తిరుపతికి, తిరుపతిలోని, తిరుపతినుంచి, ఇవన్నీ పోతాయి. అసలు గుడి దాకా వెళ్ళడమే ఎక్కువ. ‘తిరుపతంటే’ అన్నారంటే గుడి సంధిలో ఎగిరిపోయింది. ‘చిత్తూరంటే’, ‘చిత్తూర్లో’ అన్నప్పుడు కొమ్ము పోయింది. కాబట్టి ‘తిరుపత’ దగ్గర, ‘చిత్తూర’ దగ్గర ఆపేయండి. కోడ్ పాయింట్లుగా చూస్తే ఇవి పై రూపాలన్నిటికీ మొదలు. మన వ్యాకరణంలో సంధి అనేది ప్యాటర్న్ రాసేవాళ్ళకు చదువుకోవాల్సిన పాఠమే. అక్షరాన్ని గుడితో సహా ఒక్క ముక్కగా చూసే ఉపకరణాల్లో మాత్రం ఈ కిటుకు పారదు, త వేరు, తి వేరు అవుతాయి.

రూళ్ళు బైట్ల మీదే నడిచే చోట ఇంకో ఉచ్చు ఉంది. మాట మధ్యలో చదరపు బ్రాకెట్లలో త, ద రెండూ పెట్టి ‘వీటిలో ఏదో ఒకటి’ అంటే, యంత్రానికి అది ‘ఇ0, బి0, ఎ4, ఎ6ల్లో ఏదో ఒక్క బైటు’. మూడు బైట్ల అక్షరం ఉన్న చోట ఒక్క బైటు కోసం చూస్తుంది, దొరకదు. బ్రాకెట్లు మానేసి నిలువు గీతతో ‘త లేదా ద’ అని రాస్తే అదే యంత్రం చక్కగా పట్టుకుంటుంది.

ఇక ఉతుకుడు. ‘ఆన్‌లైన్’ అన్న మాటలో న్ తరువాత కనిపించని జోడణ నిరోధకం, 200సి, ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే న్, లై విడిగా కనిపిస్తాయి; లేకపోతే ల వత్తుగా కిందికి దిగుతుంది. కంటికి తేడా తెలుస్తుంది గానీ రాసినవాళ్ళ ఉద్దేశం ఒకటే. యూనికోడ్ నార్మలైజేషన్ దీన్ని తీయదు, మనమే తీయాలి. 200బి నుంచి 200డి దాకా, ఎఫ్ఈఎఫ్ఎఫ్, మెత్తటి హైఫన్ 00ఏడీ, ఇవన్నీ పోవాలి. నార్మలైజేషన్‌తో తీరే పని తెలుగులో ఒకటే ఒకటి: ఐత్వం. అది ఒకే కోడ్ పాయింటుగానూ రావొచ్చు, 0సి46, 0సి56 అనే రెండు ముక్కలుగానూ రావొచ్చు. ఎన్ఎఫ్‌సీ చేస్తే రెండూ ఒకటవుతాయి. ఇదంతా పోల్చడానికి చేసుకున్న నకలు మీదే చేయాలి. అసలు మెయిల్‌లోని ‘రాజ్‌కుమార్’ను ‘రాజ్కుమార్’ చేసి చూపిస్తే ఆ పేరుగలాయన ఊరుకోడు. రూల్లో రాసే ప్యాటర్న్‌ను కూడా అదే ఉతుకులో వేయాలన్నది ఎక్కువమంది మరిచిపోయేది.

ఎదురు మాటలు

గుమ్మంలో విప్పడం ఖర్చు కదా అని అడుగుతారు. అది తీసిపారేయలేని మాట. రోజుకు లక్షల మెయిళ్ళు మోసే గేట్‌వేలో ప్రతిదాన్నీ విప్పితే ప్రాసెసర్ ఏడుస్తుంది. పోస్ట్‌ఫిక్స్ బాడీ రూళ్ళు ఒక్కో భాగంలో మొదటి 51,200 బైట్లే చూడటం ఊరికే కాదు. కావాలని చెడగొట్టిన మెయిల్‌ను విప్పబోయి ప్రోగ్రామే కూలిపోవచ్చు కూడా. అందుకే విప్పనక్కర్లేని ప్రశ్నల్ని విప్పకుండానే అడగాలి. ఫలానా సర్వర్ నుంచి వచ్చిందా, అటాచ్‌మెంటు రకం ఏమిటి, లేబుల్ ఏం చెప్పింది, ఇవన్నీ మామూలు ఆస్కీ (రోమన్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే ఉన్న పాత కోడ్) ప్రశ్నలు. పచ్చి బైట్ల మీద రూలు వాటికి హాయిగా నడుస్తుంది. మెయిల్ దారిలో మారలేదని చెప్పే డీకిమ్ సంతకం సరిచూడాలంటే పచ్చి బైట్లే కావాలి, ఉతికిన నకలు పనికిరాదు. నా అభ్యంతరమంతా మాటల కోసం పచ్చి బైట్లలో వెతకడం మీదే.

ఇంకో మాట దీనికన్నా గట్టిది. ‘మనవాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, ఇంత ప్రయాస ఎవరి కోసం?’ నిజమే, కొడతారు. తిరుపతిలో త పక్కన హెచ్ పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు, మొదటి తికి పెట్టి చివరి తికి వదిలేసేవాళ్ళు ఇంకొందరు. దానికి వేరే ప్యాటర్న్ ఎటూ రాసుకోవాలి. కానీ ఆ రోమన్ మెయిల్‌లో ఎక్కడో ఒక చోట ₹ గుర్తు పడిందనుకోండి, అడ్వాన్సు ఎంతో చెప్పాలి కదా. 2010లో వచ్చిన ఆ గుర్తు ఆస్కీలో లేదు. ఆ ఒక్క గుర్తు కోసం మెయిలర్ బాడీ మొత్తాన్ని యూటీఎఫ్-8 చేసి, బేస్64లో చుట్టి పంపొచ్చు. చేతులు జోడించిన ఎమోజీ ఒకటున్నా అంతే. తెలుగు అక్షరం ఒక్కటీ లేని మెయిల్ కూడా పచ్చి రూలుకు చిక్కకుండా పోతుంది. ఆ దారి స్పామ్ పంపేవాళ్ళకూ తెలుసు.

విప్పినా లొంగనిది ఒకటుంది, దానికి నా దగ్గరా పూర్తి మందు లేదు. డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. పెళ్ళి పత్రికో, సభ కరపత్రమో పేజ్‌మేకర్‌లో కొట్టి, అదే పాఠాన్ని కాపీ చేసి మెయిల్‌లో అతికిస్తారు. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగు. ఎన్‌కోడింగ్ ప్రకారం మాత్రం అది రోమన్ అక్షరాలు, గుర్తులు కలగలిపిన వరస, యూటీఎఫ్-8 లేబుల్‌తో, ఎక్కడా తప్పు లేకుండా. డీకోడర్‌కు ఫిర్యాదు ఉండదు. ప్యాటర్న్‌కు తెలుగు కనిపించదు. ఇక్కడ చార్‌సెట్ ఏమిటో హెడర్ చెప్పదు, ఫాంటు పేరు చెప్తుంది. హెచ్‌టీఎంఎల్ భాగంలో ఆ పేరు మిగిలి ఉంటే, ట్యాగులు తీసేయకముందే దాన్ని పట్టుకుని, ఆ ముక్కను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌కు పంపొచ్చు. సాదా పాఠంగా వస్తే ఆ ఆధారమూ ఉండదు. అలాంటివి ‘మనిషి చూడాలి’ అన్న ఫోల్డర్‌లో వేయడమే మర్యాద.

టెర్మినల్‌లో పట్టింది, రాత్రి పట్టలేదు

పరీక్ష గురించి ఒక్క మాట. టెర్మినల్‌లో గ్రెప్‌తో (ఫైళ్ళలో పాఠం వెతికే కమాండు) పట్టిన ప్యాటర్న్ క్రాన్‌లో (పనుల్ని చెప్పిన వేళకు నడిపే ప్రోగ్రాం) రాత్రి పూట నడిచినప్పుడు పట్టకపోవచ్చు. క్రాన్‌లో భాష సెట్టింగు (లోకేల్) చాలాసార్లు ఉండదు. ఏదీ లేకపోతే సి లోకేల్, అందులో చుక్క అంటే ఒక బైటు. ‘తి.ుపతి’ పగలు ఒక అక్షరాన్ని పట్టుకుంటే రాత్రి ఒక బైటును వెతుక్కుంటుంది. దానికి విరుగుడుగా స్క్రిప్టు మొదట్లోనే యూటీఎఫ్-8 లోకేల్ పెట్టామనుకోండి, ఇంకోటి మొదలవుతుంది: మెయిళ్ళన్నీ వరసగా ఉండే ఎంబాక్స్ ఫైల్లో ఎక్కడో ఒక పాత మెయిల్ చెడ్డ బైట్లతో ఉంటే గ్రెప్ దాన్ని బైనరీ ఫైలనుకుని, దొరికిన లైను చూపించకుండా ‘పోలిక ఉంది’ అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. చిన్న ఎ ఆప్షన్ ఇస్తే లైను చూపిస్తుంది.

రూలు పెట్టేముందు ఒక ఫోల్డర్‌లో పరీక్ష మెయిళ్ళు దాచుకోండి. ‘శ్రీకాళహస్తి’ కోటెడ్ ప్రింటబుల్‌లో ఒకటి, ముందు ఒక ఖాళీతో ‘తిరుపతి’ బేస్64లో ఒకటి, ‘శ్రీకాళహస్తి దర్శనం’ సబ్జెక్టు రెండు డబ్బీల్లో ఒకటి, లాటిన్-1 లేబుల్ కింద ‘అలిపిరి’ ఒకటి, 200సితో ‘ఆన్‌లైన్’ ఒకటి, 3108 అంకెలతో ఒకటి, అను ఫాంట్ల చెత్త ఒకటి. మొత్తం ఏడు. మొదటి ఆరూ పట్టుకుని, ఏడోదాన్ని మనిషి ఫోల్డర్‌కు పంపితే ఆ రూలును సర్వర్ మీద పెట్టొచ్చు.